లక్ష పెట్టి కొన్న ప్లేనర్ స్పీకర్లు అమ్మేసి, ఓపెన్ బ్యాఫిల్ ఎందుకు కట్టుకున్నా?

మదనపల్లె నుంచి మళ్ళీ నేనే. పాత వీడియోల్లో నా వెనకాల రెండు పొడుగు పలకలు కనిపించేవి, గుర్తున్నాయా? "అన్నా, అవి స్పీకర్లా, తలుపులా?" అని చాలామంది అడిగేవాళ్ళు. అవి ప్లేనర్ స్పీకర్లు. ఇప్పుడు లేవు, అమ్మేశాను. వాటి చోట ఇదిగో, ఈ పొట్టి చెక్కలు. వెనకాల పెట్టె లేదు, ఉత్త చెక్కకి స్పీకర్లు బిగించాం. వీటినే ఓపెన్ బ్యాఫిల్ అంటారు. "లక్షకి పైగా పెట్టి కొన్నవి అమ్మేసి వడ్రంగి దగ్గర చెక్క కోయించుకున్నావా, పిచ్చా నీకు?" అని మా ఫ్రెండ్స్ తిట్టారు. ఈరోజు ఆ కథే. ఏం వచ్చిందో చెప్తా, ఏం పోయిందో కూడా చెప్తా.

ముందు రెండు నిమిషాలు బేసిక్స్. మామూలు స్పీకర్‌లో కోన్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. ముందుకి ఎంత సౌండ్ వస్తుందో వెనక్కీ అంతే వస్తుంది. ఆ వెనక సౌండ్‌ని బంధించడానికే పెట్టె. ప్లేనర్‌లో కోన్ ఉండదు. చాలా పలచని ప్లాస్టిక్ పొర, దాని మీద అంటించిన సన్న తీగ, పక్కనే వరసగా అయస్కాంతాలు. తీగలో సిగ్నల్ పారితే పొర మొత్తం కదులుతుంది. 1969లో అమెరికాలో జిమ్ వైనీ అనే ఇంజనీర్ మ్యాగ్నెపాన్ కంపెనీ పెట్టి ఈ రకాన్ని ఇళ్ళలోకి తెచ్చాడు. అంతకు ముందే, 1957లో ఇంగ్లండ్‌లో క్వాడ్ కంపెనీ పీటర్ వాకర్ ఎలక్ట్రోస్టాటిక్ పలకలు అమ్మాడు. దాంట్లో అయస్కాంతం కూడా ఉండదు, హై వోల్టేజీతో పొర కదులుతుంది.

ఓపెన్ బ్యాఫిల్‌లో మామూలు కోన్లే ఉంటాయి, పెట్టె మాత్రం ఉండదు. దీని మీద ఎక్కువ పని చేసినాయన జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్. హెచ్‌పీలో ఇంజనీర్‌గా చేశాడు, 2018లో పోయాడు. ఈరోజు క్రాసోవర్లలో వాడే లింక్విట్జ్-రైలీ ఫిల్టర్లో మొదటి పేరు ఆయనదే. ఓపెన్ బ్యాఫిల్ ఎలా కట్టుకోవాలో డిజైన్లు జనానికి ఇచ్చాడు.

ఇప్పుడు గమనించండి. ప్లేనర్ వెనకా ఖాళీనే, ఓపెన్ బ్యాఫిల్ వెనకా ఖాళీనే. రెండూ ముందుకీ వెనక్కీ పాడతాయి. పక్కల్లో ముందు సౌండూ వెనక సౌండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పైనుంచి చూస్తే సౌండ్ 8 అంకె ఆకారంలో పోతుంది. అంటే ఇవి రెండూ ఒకే కుటుంబం. మరి ఎందుకు మార్చాను? ఇక్కడ మా నాయన కథ చెప్పాలి.

మా నాయనది మైకుసెట్టు వ్యాపారం. పెళ్ళిళ్ళు, శ్రీరామనవమి భజనలు, గంగమ్మ జాతర్లు, ఎలక్షన్ ఆటోలు. ముప్పై ఏళ్ళు గొట్టం మైకుల పక్కన నిలబడ్డాడు. ఆ డబ్బుతోనే నేను బీటెక్ చదివి బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసింది. ఆ ప్లేనర్లు అక్కడున్నప్పుడు సెకండ్ హ్యాండ్‌లో లక్షా నలభై వేలకి కొన్నాను. ఉద్యోగం మానేసి వీడియోలు మొదలుపెట్టి ఇంటికొచ్చేటప్పుడు వాటినీ మోసుకొచ్చాను.

మా హాలు 14 అడుగులకి 11. గోడకి మూడడుగులు ముందుకి జరిపి పెట్టాను. మా అమ్మ మొదటిరోజే "నట్టింట్లో రెండు తలుపులు పెట్టినావు, గోడలు కట్టడమే తక్కువ" అనింది. నేను మధ్యలో కుర్చీ వేసుకుని చిట్టిబాబు వీణ పెట్టుకుంటే, ఫ్రెండ్స్, ఏం చెప్పాలి! తీగ మీద గోరు తగిలే చప్పుడు కూడా వినపడేది. వీణ గదిలో ఉన్నట్టే, నిజం సైజులో.

నాయన మాత్రం కూర్చునేవాడు కాదు. ఆయన మంచం గుమ్మం పక్కన, కుడి స్పీకర్‌కి ఓ వారగా ఉంటుంది. ఘంటసాల పాట పెట్టినా రెండు నిమిషాలు విని బయటికి లేచిపోయేవాడు. నాకు కోపం వచ్చేది. ఆయనకోసమే పెట్టాను కదా! ఒకరోజు అడిగేశాను. "పాట వస్తా ఉండాది అబ్బోడా, మాటే తెలీడం లేదు" అన్నాడు.

నేనది పట్టించుకోలేదు. నా కుర్చీలో బాగుంది కాబట్టి అందరికీ బాగుందనుకున్నాను. మూడు నెలల తర్వాత చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆడియోగ్రామ్ తీశారు. తక్కువ ఫ్రీక్వెన్సీలు ఫర్వాలేదు. 3,000 హెర్ట్జ్ దాటినాక గీత కిందికి దిగిపోయింది. పెద్ద సౌండ్ల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకి దెబ్బ సాధారణంగా ముందు అక్కడే పడుతుంది. ఆ, ఓ లాంటి అచ్చుల బలం కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. స, ష, త, క లాంటి హల్లుల వివరం పైన ఉంటుంది. పైన పోతే రాగం వినపడుతుంది, మాట విడిపోదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

సరే అని మెజర్‌మెంట్ మైక్ తెచ్చి, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో కొలిచాను. నా కుర్చీతో పోలిస్తే నాయన మంచం దగ్గర 8,000 హెర్ట్జ్‌లో సౌండ్ 11 డీబీ తక్కువ. అసలే ఆయనకి వినపడని చోట, నా స్పీకర్ ఇంకో 11 డీబీ కోసేస్తోంది.

ఎందుకంటే, సౌండ్ పుట్టే చోటు వెడల్పు ఆ అల పొడవు కంటే పెద్దదైతే సౌండ్ టార్చిలైట్‌లా సూటిగా పోతుంది, పక్కలకి పరుచుకోదు. 8,000 హెర్ట్జ్ అల పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. నా ప్లేనర్‌లో పై ఫ్రీక్వెన్సీల పట్టీయే 5 సెంటీమీటర్లు. అదే ఒక అంగుళం డోమ్ ట్వీటర్ అయితే 2.5 సెంటీమీటర్లే. చుట్టుపక్కల ఎక్కువ పరుచుకుంటుంది. అన్ని ప్లేనర్లూ ఇంతే అనను, సన్నటి పట్టీలున్నవీ ఉన్నాయి. నా జతా, నా గదీ, మా మంచం కలిస్తే వచ్చిన లెక్క ఇది.

అప్పుడు మన ఊరి సంగతే ఒకటి గుర్తొచ్చింది. 1919 ఫిబ్రవరిలో టాగూర్ ఇక్కడి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చి జనగణమన పాడి వినిపించారు. ఇంగ్లీషులోకి తర్జుమా చేసింది కూడా ఇక్కడే. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాశారు. చుట్టూ కూర్చుని విన్నవాళ్ళే ఆ పాట నేర్చుకున్నారు. ఎవరికీ మధ్య కుర్చీ లేదు. నేనేమో నా ఇంట్లో ఒక్క కుర్చీకి పాట కట్టేశాను.

ప్లేనర్లు తొంభై అయిదు వేలకి అమ్మేశాను. ఇక కట్టుడు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 20 అంగుళాల వెడల్పు, 42 అంగుళాల ఎత్తు. పుంగనూరు రోడ్డులో వడ్రంగి అన్న కోసిచ్చాడు. సైడుకి ఒక 15 అంగుళాల వూఫర్, ఒక 8 అంగుళాల మిడ్, ఒక అంగుళం ట్వీటర్. స్పీకర్లూ చిన్న ఆంప్ బోర్డులూ బెంగుళూరు ఎస్పీ రోడ్డులో తెచ్చాను. మధ్యలో ఒక డీఎస్పీ బోర్డు. మొత్తం యాభై ఎనిమిది వేలు.

అసలు కష్టం బేస్ దగ్గర. పెట్టె లేదు కదా, కింది ఫ్రీక్వెన్సీల్లో వెనక సౌండ్ చెక్క చుట్టూ తిరిగొచ్చి ముందు సౌండ్‌ని తినేస్తుంది. 20 అంగుళాల చెక్కకి సుమారు 330 హెర్ట్జ్ నుంచి ఈ నష్టం మొదలు. అక్కడి నుంచి ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ 6 డీబీ పోతుంది. 80 హెర్ట్జ్‌కి వచ్చేసరికి 12 డీబీ. దాన్ని ఈక్యూతో పూడ్చాలంటే అక్కడ పదహారింతల పవర్ కావాలి, కోన్ కూడా చాలా దూరం కదలాలి. అందుకే పెద్ద వూఫర్. వూఫర్ కొనేటప్పుడు డేటాలో క్యూటీఎస్ అనే నంబర్ చూడండి, 0.7 దగ్గర ఉంటే ఓపెన్ బ్యాఫిల్‌కి మంచిది. నావి అంతకంటే తక్కువ, ఆ లోటు కూడా డీఎస్పీ మీదే వేశాను. 40 హెర్ట్జ్ కింద పూర్తిగా కట్ చేశాను, లేకపోతే కోన్ చచ్చిపోతుంది.

అన్నీ లెక్క ప్రకారం పెట్టినా మొదటిరోజు బేస్ లేదు. రెండు రాత్రులు కూర్చున్నా. 5 డీబీ పెంచా, ఫిల్టర్లు మార్చా, గది తప్పు అనుకున్నా. మూడోరోజు పొద్దున నాయన వచ్చి, "ఆంప్ వైరు తీయిరా" అన్నాడు. గోడ గడియారంలోంచి ఒక సెల్ పీకి తెచ్చాడు. వూఫర్ రెండు టెర్మినల్స్‌కి అలా తగిలించి తీశాడు. వేళ్ళు కోన్ మీద పెట్టి చూశాడు. ఎడమది ముందుకొచ్చింది. కుడిది వెనక్కి పోయింది. "తీగ తిరగబడిందిరా. ఒకటి తోస్తా ఉంటే ఇంకోటి లాగుతా ఉంది. బేస్ యాడుంటాది?" అన్నాడు. రెండు నిమిషాల పని. వినికిడి తగ్గిన మనిషి, చేతి వేళ్ళతో పట్టుకున్నాడు. నా ల్యాప్‌టాప్ పక్కనే ఉంది.

ఇది మీరూ చేయొచ్చు. అయితే 1.5 వోల్టుల సెల్‌తోనే, వూఫర్‌కి మాత్రమే, ఆంప్ నుంచి వైరు తీసేసి, ఒక్క క్షణం తగిలించండి. ట్వీటర్‌కి వద్దు.

మళ్ళీ కొలిచాను. నాయన మంచం దగ్గర 8,000 హెర్ట్జ్‌లో నష్టం 11 నుంచి 4 డీబీకి తగ్గింది. ఆరోజు సాయంత్రం ఘంటసాల పాట పెట్టాను. నాయన లేవలేదు. పాట సగంలో వంటింటి వైపు తిరిగి, "మాట తెలుస్తా ఉండాది" అని అమ్మతో అన్నాడు. నాతో కాదు, అమ్మతో. నేను ఫోన్ చూస్తున్నట్టు నటించాను.

ఇప్పుడు పోయినవి చెప్తా. వీణ ఆ పాత సైజులో రావట్లేదు. ప్లేనర్‌లో పాడే మనిషి నిలబడి పాడినట్టుండేది, ఇప్పుడు కూర్చుని పాడినట్టుంది. ఆ పలచని పొర తేలికదనం ఈ కోన్లలో లేదు. రాత్రిపూట ఒక్కణ్ణే కూర్చుంటే పాతవి గుర్తొస్తాయి, అబద్ధం చెప్పను. గోడకి దూరం కూడా మారలేదు. వెనక సౌండ్ గోడకి తగిలి తిరిగి రావాలి కదా. ఒక మీటరు వదిలితే అది సుమారు 6 మిల్లీ సెకన్లు ఆలస్యంగా వస్తుంది, అప్పుడు చెవికి గందరగోళం తగ్గుతుంది. గోడకి ఆనిస్తే పాట బురదైపోతుంది. "ఓపెన్ బ్యాఫిల్ అయితే మూలన పెట్టుకోవచ్చు" అని ఎవరన్నా చెప్తే నమ్మకండి. నేను కింద లాక్ చక్రాలు వేయించి, నేల మీద టేపు గుర్తులు పెట్టాను. పాటప్పుడు ముందుకి, మిగతా టైమ్ గోడకి. అమ్మతో ఒప్పందం అది.

ఇంకొకటి. స్పీకర్ చెవికి మందు కాదు. డీఎస్పీలో 'నాయన' అని ఒక సెట్టింగ్ పెట్టాను, పైన 4 డీబీ ఎక్కువ. మిగతావాళ్ళకి ఆ 'స'లు గుచ్చుకుంటాయి. ఆయనకి కావాల్సింది హియరింగ్ ఎయిడ్. డాక్టర్ చెప్పి ఏడాదైంది, "ముసలోణ్ణి చేస్తారా నన్ను" అని వాయిదా వేస్తూ వచ్చాడు. ఆ పాట తర్వాత ఒప్పుకున్నాడు. వచ్చే గురువారం ట్రయల్‌కి వెళ్తున్నాం.

ఈ వీడియో ఇయర్‌బడ్స్‌లో వింటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది మీకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డీబీ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90 డీబీ అయితే 4 గంటలే. మా నాయన గొట్టం మైకు పక్కన నిలబడింది మాకు కూడు పెట్టడానికి. మనకి ఆ అవసరం లేదు, వాల్యూమ్ తగ్గించండి.

కొత్త స్పీకర్లు కొనాలనుకుంటే షోరూమ్‌లో మధ్య కుర్చీలో కూర్చుని డిసైడ్ చేయొద్దు. మాటలు బాగా తెలిసిన పాట ఒకటి పెట్టి, మీ ఇంట్లో అమ్మ కూర్చునే చోటు, నాన్న పడుకునే చోటు ఎంత వారగా ఉంటుందో అంత వారకి జరిగి వినండి. అక్కడ మాట తెలిస్తే కొనండి.

వచ్చే ఎపిసోడ్‌లో డీఎస్పీ ఫిల్టర్లు ఒక్కొక్కటీ స్క్రీన్ మీద చూపిస్తా. నాయన కూడా కెమెరా ముందుకొస్తా అన్నాడు, సెల్ పట్టుకుని. ఉంటా మరి, నమస్తే.