గోడ మీది ఎక్కాలు, నేల మీది లెక్కలు

(పేటలోని పిల్లల ఉద్యానాన్ని పునర్నిర్మించే విషయమై జరిగిన నివాసుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరును కాను, లెక్కల ఉపాధ్యాయినిని కాను. మరాఠీలో వచ్చే కాగితాలను తెలుగు చేసి మీ చేతికి అందించే అనువాదకురాలిని. మన ఉద్యానం గురించిన సూచనల పత్రం కూడా ఆ విధంగానే నా బల్ల మీదికి వచ్చింది. పిల్లలకు ఆటతో పాటు గణితం కూడా అబ్బేలా ఒక భాగం ఉండాలని అందులో ఉంది. చాలా మంచి మాట. అందుకు ఏమి చేయాలో నివాసులే చెప్పాలని కూడా ఉంది. మనలో చాలామంది ఇప్పటికే చెప్పిన సూచన ఒక్కటే: ప్రహరీగోడ మీద అంకెలూ ఎక్కాలూ తెలుగులో కూడా రాయించండి అని. ఆ సూచన దగ్గర నా కలం ఆగింది. ఎందుకు ఆగిందో చెప్పడానికే ఈ కొద్ది సమయం అడిగాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, మరొక ఊళ్ళో, ఒక ఉద్యానం గోడకు నాలుగు భాషలలో ఎక్కాలు రాయించారు. తెలుగు భాగానికి ప్రూఫు చూసినది నేనే. ఏడాదిన్నర తరువాత ఒక ఆదివారం అక్కడికి వెళ్ళాను. రంగులు ఇంకా వెలవలేదు. ఏడో ఎక్కంలో ఏడు ఎనిమిదులు యాభై నాలుగు అని ఉంది. యాభై ఆరు ఉండవలసిన చోట నాలుగు పడింది; నా కళ్ళ ముందు నుంచే జారిపోయిన తప్పు అది. తల దించుకుని కాపలాదారుణ్ణి అడిగాను, ఎవరైనా ఈ తప్పు చెప్పారా అని. “తప్పెక్కడుందమ్మా?” అన్నాడు అతను. ఏడాదిన్నరగా ఎందరో పిల్లలు ఆ గోడ ముందు ఆడారు. ఒక్కరూ దానిని చదవలేదు. ఏడో ఎక్కం మీదుగా మూడు బొగ్గు గీతలు గీసి, దానిని వికెట్లు చేసుకున్నారు.

ఆ గోడకు పది అడుగుల దూరంలో, వేపచెట్టు కింద, ఇద్దరు ఆడపిల్లలు బండ మీద సుద్దతో గళ్ళు గీసి అష్టా చెమ్మా ఆడుతున్నారు. ఎనిమిదేళ్ళు మించవు. “నాకు మూడు పడితే నీ కాయ చస్తుంది, రెండు పడితే నా కాయ ఇంట్లోకి పోతుంది, ఏది పడినా నాకే లాభం” అంటోంది ఒకతె. నేను గళ్ళు లెక్కపెట్టి చూశాను. ఆ మాటలో ఒక్క తప్పు లేదు.

నాకు ఆ రోజు అర్థమైనది ఇది. గోడ మీది అంకె తప్పయినా ఒప్పయినా పిల్లవాడికి జరిగేది ఏమీ లేదు. నేల మీది అంకె తప్పితే కాయ చస్తుంది. ఆటలో అంకెకు ఒక పని ఉండాలి. పని లేని అంకె అలంకారమే.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో పసిపిల్లల బడి ప్రారంభించినప్పుడు, పలక కన్నా ముందు వారి చేతికి బంతి, ఘనం, స్తూపం వంటి కొయ్య ఆకారాలను ఇచ్చాడు. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో 1947 నుంచి ఆల్డో వాన్ ఐక్ అనే వాస్తుశిల్పి వందలాది ఆటస్థలాలను రూపొందించాడు. ఇసుకగుంట, గుండ్రని దిమ్మెలు, వంపు కమ్మీలు, అంతే. ఏనుగు బొమ్మ లేదు, రంగుల కోట లేదు. ఒక దిమ్మె నుంచి మరొక దిమ్మెకు ఎంత దూరమో, ఎన్ని దూకులో పిల్లవాడే తేల్చుకోవాలి. అయితే ఇందుకోసం మనం అంత దూరం వెళ్ళనక్కరలేదు. మన ముంగిలి చాలు.

ముగ్గునే తీసుకుందాం. “ఏడు చుక్కలు, ఒకటి వచ్చేవరకు, సందు చుక్క” అని మన అమ్మలు ఒక్క మాటలో చెబుతారు. మధ్య వరుసలో ఏడు, దానికి పైనా కిందా ఆరు, ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. మొత్తం ఎన్ని చుక్కలు? అన్నీ కూడితే నలభై తొమ్మిది. ఇప్పుడు ఆ ముగ్గు పక్కకు వచ్చి ఏటవాలుగా చూడండి. ఏడేసి చుక్కల వరుసలు ఏడు కనిపిస్తాయి. ఒకటి నుంచి ఏడు వరకు ఎక్కి, మళ్ళీ ఒకటికి దిగితే ఏడు ఏడులు ఎందుకు వస్తాయో ఏ పుస్తకమూ ఇంత సులువుగా చూపదు. ఆ చుక్కలను చెరిగిపోని నల్లరాళ్ళుగా మన ఉద్యానపు నేలలో పొదిగితే, ఆడపిల్లలు ముగ్గు వేస్తారు, మగపిల్లలు గెంతుతారు. చుట్టూ తిరిగి చూసిన ఎవరో ఒకరికి ఆ ఏడు వరుసలు తటాలున కనిపిస్తాయి. ఆ క్షణం కోసమే ఈ ఖర్చంతా.

అష్టా చెమ్మాలో నాలుగు గవ్వలు గాని, ఒక వైపు అరగదీసిన నాలుగు చింతపిక్కలు గాని వేస్తాం. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే నాలుగు. ఒక్కటీ తెల్లగా పడకపోతే అష్టా, అంటే ఎనిమిది. ప్రతి పిక్కా రెండు వైపులా సమానంగా పడేదైతే, నాలుగు పిక్కలు పడే తీరులు పదహారు. వాటిలో రెండు పడేవి ఆరు. ఒకటి పడేవి నాలుగు, మూడు పడేవి నాలుగు. చెమ్మాకు ఒకటే, అష్టాకు ఒకటే. అందుకే ఆట తెలిసిన పిల్ల అష్టా కోసం కూర్చోదు. రెండు పడితే పనికి వచ్చే చోట కాయను నిలుపుతుంది. సంభావ్యత అనే మాటను ఆమె పెద్ద తరగతులలో వింటుంది. ఆనాటికి ఆ విషయం ఆమె వేళ్ళకు పాతదై ఉంటుంది. పులి-మేక పటం కూడా ఇటువంటిదే. మూడు పులులు, పదిహేను మేకలు. ఏ మేక వెనుక ఏ గడి ఖాళీ అని రెండు ఎత్తుల ముందే చూడాలి. గుళ్ళ మండపాలలో రాతినేల మీద మన పెద్దలు చెక్కుకున్న పటాలను ఉద్యానపు అరుగుల మీద చెక్కించలేమా?

ఇక ఎలాగూ కొనబోయే ఆట వస్తువుల సంగతి. తూగుడు బల్లకు రెండు చివరలే కూర్చునే చోట్లు పెడతారు. బరువు పిల్లవాడు ఎక్కితే తేలిక పిల్లవాడు గాలిలో ఉండిపోతాడు, ఏడ్చి దిగిపోతాడు. బల్ల పొడవునా అడుగుకొక గుర్తు వేసి, ప్రతి గుర్తు దగ్గరా పట్టుకోవడానికి పిడి పెట్టించండి. ఇరవై కిలోల చెల్లి ఇరుసుకు మూడు అడుగుల దూరంలో, ముప్పై కిలోల అన్న రెండు అడుగుల దూరంలో కూర్చుంటే బల్ల సమంగా నిలుస్తుంది. ఇరవై మూళ్ళు అరవై, ముప్పై రెళ్ళు అరవై. ఏతం తొక్కిన మన తాతలకు ఈ లెక్క కాళ్ళతోనే తెలుసు.

ఉయ్యాలలు రెండూ ఒకే పొడవున ఎందుకు ఉండాలి? మీటరు పొడవు ఉయ్యాల ఒకసారి పోయి రావడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. రెండు మీటర్లదానికి రెట్టింపు పట్టదు, సుమారు 2.8 సెకన్లే. రెట్టింపు పట్టాలంటే పొడవు నాలుగింతలు కావాలి. ఎక్కినవారి బరువుతో దీనికి దాదాపు నిమిత్తం లేదు. పక్కపక్కన పొట్టిదీ పొడుగుదీ వేలాడితే, ఎవరూ చెప్పకుండానే పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెడతారు.

ఎండ తగిలే చోట ఒక నిలువు కంబం, దాని చుట్టూ నేల మీద కొలత గీతలు ఉంటే చాలు. కంబం నీడ కంబమంత ఉన్న వేళ చెట్టు నీడ కూడా చెట్టంతే ఉంటుంది. ఎక్కకుండానే చెట్టును కొలవవచ్చు. మహారాష్ట్ర మొత్తం కర్కటరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి, ఏటా రెండు మధ్యాహ్నాలు ఆ కంబానికి నీడే ఉండదు. చక్రాల కుర్చీ పోయే వాలుబాటలో కూడా లెక్క ఉంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది నియమం. ఆ కొలతను బాట పక్కనే గుర్తులతో చూపితే, నడవలేని పిల్లకు దారీ దొరుకుతుంది, నడిచే పిల్లకు పాఠమూ దొరుకుతుంది.

అనువాదకురాలిగా చెప్పవలసిన మాట ఒకటి మిగిలి ఉంది. మన పిల్లలు ఇంట్లో “నలభై ఏడు” అంటారు. వీధిలోకి వస్తే అదే “సత్తేచాళీస్”. ఏడు ముందు వచ్చి, నలభై వెనుక వస్తుంది. మరాఠీలో నలభై తొమ్మిదిని “ఏకోణపన్నాస్” అంటారు, యాభైకి ఒకటి తక్కువ అని. బడిలో మళ్ళీ ఇంగ్లీషు. మూడు భాషలు మూడు వైపుల నుంచి ఒకే అంకెను చదువుతాయి. 2019లో ఈ రాష్ట్రపు రెండో తరగతి గణిత పుస్తకంలో “ఏకవీస్”ను “వీస్ ఏక్” అని చదివించే పద్ధతి పెట్టినప్పుడు ఎంత వాదోపవాదం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. మరాఠీ ఇళ్ళ పిల్లలకే అది అంత చర్చ అయినప్పుడు, మన పిల్లవాడు సత్తేచాళీస్ విని 74 అని రాస్తే ఆశ్చర్యమేముంది? వాడికి లెక్కలు రావని ముద్ర వేస్తారు. అది బుద్ధిలో లోపం కాదు, అనువాదంలో దొర్లిన తడబాటు. పెద్దదాన్ని, జీతం తీసుకునేదాన్ని, యాభై ఆరును యాభై నాలుగు చేశాను. పసివాడిని ఏమనగలం?

ఆటస్థలంలో ఆ చిక్కు విడిపోతుంది. ఏడు దూకులు ఏ భాషలో అయినా ఏడు దూకులే. ముందు కాళ్ళకు ఏడు తెలిస్తే, ఆపైన దాని పేరు మూడు భాషలలో నేర్చుకోవడం కష్టం కాదు. పక్కింటి మరాఠీ పిల్ల, ఎదురింటి ఉర్దూ పిల్లవాడు, మన పిల్ల కలిసి ఆడే చోట అంకెల పేర్లు ఒకరి నోటి నుంచి మరొకరి నోటికి వాటంతట అవే చేరతాయి.

గోడ మీద తెలుగు కనబడాలనే కోరిక మీ కన్నా నాకు తక్కువ కాదు. పరాయి ఊరి గోడ మీద మన అక్షరం చూస్తే కలిగే ధైర్యం నాకు తెలుసు. ఉద్యానం పేరూ సూచనలూ తెలుగులో ఉండాలని తప్పక అడుగుదాం. ఎక్కాలకు ఖర్చయ్యే సున్నమూ రంగూ మాత్రం నేలకు ఇమ్మని అడుగుదాం.

సూచనల పత్రంలో ఈ నాలుగు మాటలు రాయవలసిందిగా నా విన్నపం. ఒకటి, నేలలో పొదిగిన ముగ్గు చుక్కలు, అరుగుల మీద చెక్కిన అష్టా చెమ్మా, పులి-మేక పటాలు. రెండు, గుర్తులు వేసిన తూగుడు బల్ల, వేర్వేరు పొడవుల ఉయ్యాలలు, నీడకంబం. మూడు, చెట్టునీడ, తాగునీరు, వాలుబాట. నాలుగు, అవ్వలు కూర్చోవడానికి అరుగులు ఆ పటాల పక్కనే. ఈ నాలుగోది చివర చెప్పాను గాని ముఖ్యమైనది అదే. పటం చెక్కితే చాలదు. ఆట నేర్పేవారు ఉండాలి. కట్టకు ఇరవై ఐదు చొప్పున నలభై కట్టలు కట్టి వెయ్యి బీడీలు అప్పగించే అమ్మకు లెక్కలు రావని ఎవరు అనగలరు? మగ్గం మీద పోగులు లెక్కపెట్టిన తాతకు రావని ఎవరు అనగలరు? ఆ లెక్క మనవలకు చేరడానికి కూర్చునే చోటు కావాలి, అంతే.

పత్రాలు ఆ బల్ల మీద ఉన్నాయి. తెలుగులోనే రాయవచ్చు, రాయడం రానివారు నాతో చెబితే నేను రాసిపెడతాను. అంకెలు వచ్చిన చోట మాత్రం ఈసారి రెండుసార్లు సరిచూసుకుంటాను.