పచ్చని చెట్టు, విషపు కాయ
(కార్మిక విద్యా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



1946 మార్చిలో పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవులలో ఒకటైన బికినీ నుండి 167 మంది ప్రజలను అమెరికా నౌకాదళం తరలించింది. పని ముగియగానే తిరిగి రావచ్చునని నమ్మించారు. ఆ "పని" 1958 వరకు సాగింది. మార్షల్ దీవులలో మొత్తం 67 అణ్వస్త్ర పరీక్షలు జరిపారు. 1954 మార్చి 1న బికినీలో పేల్చిన బాంబు ఒక్కటే హిరోషిమా బాంబుకు సుమారు వెయ్యి రెట్లు. దాని బూడిద రాంగెలాప్ ద్వీపవాసుల మీద, ఒక జపాను చేపల పడవ మీద కురిసింది. ఆ పడవలోని వైర్‌లెస్ ఆపరేటర్ కుబొయామా అదే సెప్టెంబరులో మరణించాడు. తంతి విభాగంలో పనిచేసి రిటైరైన పెద్దలు ఈ సభలో ఉన్నారు. ఆయన మీ వృత్తివాడే. ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో ఈ పరీక్షలను నిలుపుదల చేయాలని కోరారు.

పేలుడు సంగతి చాలామందికి తెలుసు. ఆ తరువాతి సంగతే తక్కువ మందికి తెలుసు.

1968లో అమెరికా ప్రభుత్వం బికినీ సురక్షితమని ప్రకటించింది. కొన్ని కుటుంబాలు తిరిగి వెళ్ళాయి. కొత్తగా నాటిన కొబ్బరి చెట్లు కాపుకు వచ్చాయి. చూపులకు ఏ లోపమూ లేదు. అయితే పగడపు దీవి నేల సున్నపు ఇసుక. సీజియంను పట్టి ఉంచే బంకమన్ను అందులో లేదు, పొటాషియం అతి స్వల్పం. కొబ్బరికి పొటాష్ ఎంత అవసరమో రైతు కుటుంబాల నుండి వచ్చిన మీకు చెప్పనక్కరలేదు. సీజియం-137 రసాయన గుణాలలో పొటాషియంకు దగ్గర చుట్టం. పొటాషియం చాలని చెట్టు దానినే పీల్చుకొంటుంది. చెట్టు నుండి కాయకు, కాయ నుండి దానిని తినే పీతకు, రెండింటినీ తినే మనిషికి అది చేరింది. 1978లో ప్రజల శరీరాలలో సీజియం మితిమీరిందని తేలి, ద్వీపాన్ని మళ్ళీ ఖాళీ చేయించారు. పొటాష్ ఎరువు వేస్తే కాయలో సీజియం బాగా తగ్గుతుందని శాస్త్రజ్ఞులు ఆ తరువాత కనుగొన్నారు. సురక్షితమని ప్రకటించే ముందు ఆ పరిశోధన జరగవలసింది! సీజియం-137 సగానికి తగ్గడానికే 30 సంవత్సరాలు పడుతుంది. బికినీ ప్రజలు నేటికీ ప్రవాసంలోనే ఉన్నారు.

ఎనివెటాక్ దీవులలో 1977–80 మధ్య కలుషితమైన మట్టిని తవ్వి, రూనిట్ ద్వీపంలోని ఒక పేలుడు గుంటలో పోసి కాంక్రీటు మూత వేశారు. గుంట అడుగున ఏ పొరా వేయలేదు. లోపల ఉన్న ప్లుటోనియం-239 సగం కావడానికి 24,000 సంవత్సరాలు పడుతుంది. ఆ మట్టి ఎత్తినవారు యువ సైనికులు. వారిని అణుధార్మికతకు గురైనవారిగా గుర్తించే చట్టం 2022లో గాని రాలేదు.

ఇక నష్టపరిహారం. 2001లో ట్రిబ్యునల్ బికినీ ప్రజలకు 56 కోట్ల డాలర్లకు పైగా ప్రకటించింది. నిధిలో అంత సొమ్ము లేదు. అవార్డు వచ్చి బకాయి రాని స్థితి మనకూ పరిచయమే. వారు కోర్టుకెక్కారు. 2010లో అమెరికా సుప్రీంకోర్టు వారి పిటిషన్‌ను విచారణకే స్వీకరించలేదు.