జీను కొలిచాకే మెత్త కొనాలి

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నాకు వేరే విషయం అప్పగించారు. మన సభ్యులలో ఇద్దరు ముగ్గురి మనవలు, మనవరాళ్ళు ఇప్పుడు గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నారు. జీను కింద వేసే మెత్త ఏ సైజుది కొనాలని పిల్లలు అడుగుతుంటే తాతలకు జవాబు తోచలేదట. "గుర్రపు పోలీసుల స్టోర్సు సీటు చూసినాయన మన మధ్యే ఉన్నాడు కదా" అని నన్ను నిలబెట్టారు. నేను ఏనాడూ గుర్రమెక్కి ఎరుగను. గుర్రాల కాగితాలు మాత్రం ఎనిమిదేళ్ళు చూశాను.

మా సాయీసులు ఈ మెత్తను నమ్దా అనేవారు. ఉన్నిని ఒత్తి దళసరిగా చేసిన గుడ్డకు అది పారశీకం నుంచి వచ్చిన పేరు. ఇంగ్లీషువారు ఆ మాటనే పట్టుకుపోయి నమ్నా అన్నారు. చెమట పీల్చడం, రాపిడి తగ్గించడం, జీను తోలును చెమట నుంచి కాపాడడం దాని పని. చూడటానికి చిన్న వస్తువే. కాని సైజు తప్పితే ఎంత పని చేస్తుందో 1986లో కళ్ళారా చూశాను.

ఆ ఏడు కొత్త మెత్తలు వచ్చాయి. నేను ఆ సీటుకు రాకముందే వెళ్ళిన ఇండెంటులో "17 అంగుళాల జీనుకు తగినవి" అని ఒక్క ముక్కే ఉంది. రెండు నెలలు తిరగకుండా ఒక ఆడ గుర్రానికి వీపు వెనక భాగంలో, వెన్నుకు ఇటూ అటూ, గీత గీసినట్టు వెంట్రుకలు ఊడి పుండ్లు పడ్డాయి. పశువైద్యులు దాన్ని డ్యూటీ నుంచి తప్పించారు. దాని మీద ఎక్కే కానిస్టేబులుకు "గుర్రం పోషణలో అశ్రద్ధ" అని మెమో వచ్చింది. ఇంక్రిమెంటు ఆగితే ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అతను జవాబు రాయించుకోవడానికి నా దగ్గరికి వచ్చాడు. "రోజూ మాలిష్ చేస్తున్నాను సార్, పిల్లల మీద ఒట్టు" అన్నాడు. ఒట్టు ఫైలుకెక్కదు కదా! పక్కనే ఉన్న పెద్ద సాయీసు, "బాబుగారూ, కాగితం తరవాత రాద్దురుగాని, ముందు టేపు పట్టుకు రండి" అన్నాడు.

జీనును బల్ల మీద పెట్టి కొలిచాం. గుర్రం వీపు మీద ఆనే పొడవు ఇరవైన్నర అంగుళాలు. మెత్త పొడవు ఇరవై. అంటే మెత్త వెనక అంచు జీను బయటికి రాకుండా, జీను కిందే నలుగుతోంది. మనిషి బరువంతా ఆ కుట్టు మీద పడుతోంది. పుండ్లు ఉన్నది సరిగ్గా ఆ గీత మీదే. రెండు కొలతలూ వేసి నోటు పెట్టాను. పశువైద్యులు చూసి, నిజమేనని సంతకం చేశారు. మెమో రద్దయింది. కొన్ని వారాలకు గుర్రం మళ్ళీ పనిలోకి వచ్చింది కాని, పుండు మానిన చోట తెల్ల వెంట్రుకలే మొలిచాయి.

మిత్రులారా, ఇందులో కీలకం ఒక్కటే. జీనుకు చెప్పే 17 అంగుళాలు మనిషి కూర్చునే చోటు కొలత. ముందు భాగంలో పక్కనున్న మేకు నుంచి వెనక ఎత్తు అంచు మధ్యదాకా తీస్తారు. మెత్తకు కావలసింది గుర్రం మీద ఆనే కొలత. రెండు జీనులు 17 అంగుళాలవే అయినా, దుమికే స్వారీకి చేసినదాని రెక్కలు ముందుకు చొచ్చుకుని ఉంటాయి, నడకల స్వారీకి చేసినదాని రెక్కలు నిలువుగా కిందికి దిగుతాయి. ఒకదాని మెత్త రెండోదానికి పనికిరాదు.

కొలిచే పద్ధతి చెబుతాను, పిల్లలకు రాసివ్వండి.

మొదటిది, పొడవు. జీనును బల్ల మీద పెట్టి, అడుగున ఉండే దిండ్ల ముందు అంచు నుంచి వెనక అంచుదాకా తిన్నగా కొలవాలి. కూర్చునే పల్లం వెంబడి టేపును వంచకూడదు.

రెండవది, రెక్క. రెక్క పై భాగం కంటే ముందుకు వచ్చి ఉంటే, అక్కడి నుంచి వెనకదాకా ఇంకో కొలత తీయాలి.

మూడవది, దిగుడు. నడి వెన్ను మీద నుంచి ఒక పక్క రెక్క అడుగు అంచుదాకా కొలవాలి.

మెత్త అన్ని వైపులా ఒకటి రెండు అంగుళాలు బయటికి కనబడాలి. అంగుళం చొప్పున అనుకుంటే, పొడవుకు ముందూ వెనకా కలిపి రెండు అంగుళాలు, దిగుడుకు ఒక్కటే కలపాలి. పొడవు ఇరవైన్నర, దిగుడు 19 అయితే, మెత్త ఇరవై రెండున్నర పొడవు, 20 దిగుడు ఉండాలి. పరిచి చూస్తే అడ్డం 40 వస్తుంది. దుకాణంవారు చెప్పేది ఒక పక్క కొలతా, రెండు పక్కలదా అని తప్పక అడగాలి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు కౌబాయ్ తరహా జీను వాడుతుంటే, దాని అడుగు తోలు ఎంత పొడవుందో కొలిచి అదే లెక్క వేసుకోవాలి. అక్కడ మెత్తలను 30 అంగుళాల చదరం, 32 అంగుళాల చదరం అని అమ్ముతారు.

సైజు కుదిరినా రెండు జాగ్రత్తలున్నాయి. మెత్తను కాస్త ముందుగా వేసి వెనక్కి జరపాలి, అప్పుడు వెంట్రుకలు సాఫుగా పడుకుంటాయి. మూపు దగ్గర దాన్ని పైకి లాగి జీను సందులోకి ఎత్తాలి, లేకపోతే ఎముక మీద బిగుసుకుంటుంది. ఇక దళసరిది వేస్తే గుర్రానికి సుఖమనుకోకండి. ఇరుకు బూటులో రెండు జతల మేజోళ్ళు తొడిగితే మన కాలికి ఎలా ఉంటుంది? అసలు జీనే సరిపడకపోతే ఏ మెత్తా దాన్ని బాగుచేయదు.

స్వారీ అయ్యాక మెత్త తీసి వీపు చూడమనండి. చుట్టూ చెమట పట్టి మధ్యలో ఒక్కచోట పొడిగా ఉంటే, అక్కడ ఒత్తిడి పడుతుందేమోనని అనుమానించాలి.

పుండు పడి పనికి తగని జంతువు చేత పని చేయించడం 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షను కింద నేరం. కాని చట్టం దాకా ఎందుకు? మనం పెన్షను తక్కువ పడితే అర్జీ పెట్టుకుంటాం, సంఘానికి చెప్పుకుంటాం. నోరులేని జీవి బాధ చెప్పుకోలేదు. దాని తరఫున చెప్పేది మన టేపే. ఐదు నిమిషాల పని.