అప్‌గ్రేడ్ తర్వాత వత్తు నిలబడాలి

లినక్స్ డెస్క్‌టాప్ అప్‌గ్రేడ్ చేశాక తెలుగు అక్షరాలు చెదిరితే ఏం చెయ్యాలో చెప్పమని ఈ సభ నిర్వాహకులు అడిగారు. మూడు విషయాలు చెబుతాను: ఫాంటు ఎంపిక, అక్షరాల కూర్పు, తెర మీద స్పష్టత.

ముందు ఎంపిక. తెలుగంతా గళ్ళుగళ్ళుగా కనిపిస్తే ఫాంటే అందలేదని అర్థం. అక్షరాలు వచ్చి రూపం మాత్రం మారితే, ఫాంట్లను ఎంచే ఫాంట్‌కాన్ఫిగ్ వేరే ఫాంటును ఎంచుకుందన్నమాట. టెర్మినల్‌లో ఎఫ్‌సీ-లిస్ట్‌కు తెలుగు భాషా సంకేతం ఇస్తే ఉన్న ఫాంట్లన్నీ చూపిస్తుంది. వాటిలో దేనికి పెద్దపీట వేసిందో ఎఫ్‌సీ-మ్యాచ్ చెబుతుంది. ఫాంటు చేత్తో పెట్టుకున్నదైతే ఎఫ్‌సీ-క్యాష్ నడపండి. అసలు లేకపోతే, డెబియన్ వాడేవారు ఫాంట్స్-తెలు ప్యాకేజీ వేసుకోండి.

దాంతోపాటు పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. ఆ పేర్లు వింటే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. మీకూ అంతేనని తెలుసు. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు వాటిని రూపొందించి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చని జీపీఎల్ కింద ఇచ్చేశారు. యూనికోడ్ తెలుగు మనకింకా కొత్తగా ఉన్న రోజుల్లో జరిగిన దానమది.

ఇక కూర్పు. 'స్త్రీ' తీసుకోండి. కంటికి ఒక్కటే అక్షరం. లోపల ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వరసలో చివరనున్న గుడిదీర్ఘాన్ని సకారం నెత్తిన పెట్టాలి, రెండు వత్తులనూ కింద పొదగాలి. ఆ పని అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్‌ది. ఏ రూపం ఎక్కడ వాడాలో ఫాంటులోని ఓపెన్‌టైప్ పట్టికలు చెబుతాయి. ఆ పట్టికలు సరిగ్గా లేకపోతే వత్తులు విడిపోయి, పొల్లులు బయటపడతాయి. అప్పుడు ఫాంటు మార్చి చూడండి. రెండో ఫాంటులో సరిగ్గా వస్తే లోపం మొదటి ఫాంటుదే.

సీసపు టైపు పేర్చిన కంపోజిటర్లకు వత్తు విలువ తెలుసు. అచ్చు తలకిందులుగా ఉన్నా తప్పు పట్టేవారు. ఇవాళ నా వెనక కట్టిన ఫ్లెక్సీ చూడండి. 'సాంస్కృతిక'లో వట్రుసుడి పక్కకు జారింది. కట్టినవాళ్ళను తప్పుపట్టను. చెదిరిన తెలుగుకు మన కళ్ళన్నీ అలవాటు పడిపోయాయి, నా బాధ అదీ. కుర్రవాళ్ళు అక్షరం విరిగితే ఇంగ్లీషు లిపిలో రాసుకుని సరిపెట్టుకుంటున్నారు. లోపం ఇదీ అని బగ్గు రిపోర్టు రాయరు. ఎక్కడో కూర్చున్న డెవలపర్‌కు తెలుగు రాదు. మనం చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది?

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. స్పష్టత గురించి రెండు ముక్కలు. అక్షరాలను తెర మీద పేర్చే పాంగో లైబ్రరీ 2019లో వచ్చిన 1.44 వెర్షనులో బిట్‌మ్యాప్, టైప్ 1 ఫాంట్లను వదిలేసింది. అలాంటి పాత ఫాంటు మాయమైతే దాని ఓపెన్‌టైప్ రూపం తెచ్చుకోండి. అక్షరాలు మసకబారితే హింటింగ్, స్కేలింగ్ అమరికలు చూడండి.

బగ్గు రిపోర్టులో డెస్క్‌టాప్ వెర్షను, ఫాంటు పేరు, విరిగిన మాట రాయండి. ఫొటో ఒక్కటే పెడితే చాలదు, మాటను టైపు చేసి ఇవ్వండి. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవారు భోజనాలయ్యాక నా దగ్గర కూర్చోండి. ఇవాళే ఒకటి రాసి పంపుదాం. సెలవు.