నెమలినార చెట్టు



మా పెనుబల్లి పొలిమేర దాటి భద్రాచలపు అడవుల వైపు నడచినచో నెమలినార యను చెట్టు అక్కడక్కడ కానవచ్చును. కొందఱు దీనిని నాలి యనియు, మఱికొందఱు తపసి యనియు వ్యవహరింతురు. పేరు విననివారు అరుదు. కాని చెట్టును చూపుడన్నచో ఒకరు కానుగను చూపుదురు, ఇంకొకరు నెమలియడుగును చూపుదురు. నెమలియడుగు ఆకు మూడు రెబ్బలుగా చీలి పక్షిపాదమును తలపించును. పేరులో నెమలి యున్నంత మాత్రమున ఈ రెండును చుట్టములు కావు.

కానుగతోడి చిక్కు ఇంతకంటె పెద్దది. దాని మూలము మన నిఘంటువులలోనే కలదు. అమరకోశము వనౌషధివర్గమున చిరబిల్వ శబ్దమును నక్తమాల కరంజక శబ్దములతో ఒక్కచోట పర్యాయముగా చేర్చినది. నక్తమాలమనగా కానుగ. నేటి వైద్యులు పెక్కుమంది చిరబిల్వమనగా నెమలినారయే యని గ్రహించుచున్నారు. శ్లోకము వల్లించువానికి ఇది పదముల తగవు మాత్రమే. కీళ్ల వాపునకు పట్టు వేయుటకై పట్ట తెమ్మని వైద్యుడు పంపిన కుఱ్ఱవానికో, ఏ మ్రానిపై కత్తి పెట్టవలెనో తెలియవలెను గదా! ఒకటి తేబోయి మఱియొకటి తెచ్చినచో, గుణము కనబడనప్పుడు నింద మందుపై పడును.

కావున ఆనవాళ్లు చెప్పెదను. కానుగ ఈనెకు అయిదో యేడో ఆకులు జతలుగా అమరి, కొనను ఒకటి యుండును. నెమలినారకు కొమ్మపై ఒక్కొక్క ఆకే, అటొకటి యిటొకటిగా పుట్టును. అంచున గంట్లుండవు; లేతమొక్కల ఆకులకు మాత్రము ఒక్కొక్కప్పుడు ఱంపపు పండ్లవంటివి కానవచ్చును. ఆకు నలిపి వాసన చూడుడు, ముక్కు మూసికొందురు. పట్ట బూడిదవన్నె; ముదిరిన చెట్టున పెచ్చులు పెచ్చులుగా లేచును.

అన్నిటికంటె నమ్మదగిన గుఱుతు కాయ. పుష్యమాఘములందు ఆకులన్నియు రాలి చెట్టు మోడై నిలుచును. అప్పుడే చిన్న చిన్న పూలు పూచును. వానిని ఎవరును గమనింపరు. పిమ్మట పచ్చని పలుచని బిళ్లలు గుత్తులుగా వ్రేలాడును. దూరమునుండి చూచువారు చిగురు వేసినదని భ్రమపడుదురు. బిళ్ల రూపాయి నాణెమంత; నడుమ గింజ, చుట్టును ఱెక్క, కొనను చిన్న గంటు. ఎండలు ముదిరినపుడు అవి గాలికి ఎగిరిపోవును. ఆ గింజలు పిల్లలు నమలుట మీరెఱుగుదురు. కానుగకాయ యట్లు కాదు, అది దళసరి తోలుకాయ.

ఈ చెట్టును పాశ్చాత్యశాస్త్రమున ప్రవేశపెట్టినవాడు విలియం రాక్స్‌బర్గు. 1793లో కలకత్తా వనమునకు వెడలుటకు ముందు ఆయన మన సామర్లకోటలో మొక్కలను పరిశీలించెను. 1798లో దీనికి అల్మస్ ఇంటెగ్రిఫోలియా అని పేరు పెట్టెను. ఐరోపాలోని ఎల్ము చెట్ల ఆకులకు అంచున పండ్లుండును, దీనికి లేవు. అందుచే ‘అంచు పగులని ఆకుల ఎల్ము’ అని ఆ పేరునకు అర్థము. 1848లో ప్లాంషాను అను ఫ్రెంచి పండితుడు దీనిని వేఱుచేసి హోలాప్టెలియా యను జాతిగా నిలిపెను. అనగా ఐరోపావారు గొప్పగా చెప్పుకొను ఎల్ము కులమునకు మన అడవిలో ఒక బంధువు కలదు.

దీని కలపలో చేవ యేర్పడదు. అందుచే పనికిమాలిన మ్రానని మనవారు తొలుత దీనినే నఱుకుదురు. ఇది తొందరపాటు. బండ్లకును దువ్వెనలకును బొగ్గునకును ఈ కలప వాడుకలో నున్నదే. అయితే ఇంటి కిటికీ ముందు మాత్రము నాటవలదు. దీని పుప్పొడి కొందఱికి ఉబ్బసము రేపునని ఉత్తరదేశపు వైద్యులు కనుగొనిరి.

గట్టుమీద పెంచదలచినవారు ఎండిన బిళ్లలను ఏరి ఆ యేటి తొలకరికే చల్లవలెను. వచ్చే యేటికని మూటగట్టి దాచినచో మొలచునవి మిగులవు.