బండి గుంజకపోతే ముందు ఏం చూడాలి?

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో కోకాపేట సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఇక్కడ పొదుపు ఎంత, అప్పు ఎంత, తిరిగి కట్టింది ఎంత అని చెప్పుకుంటాం. ఆ లెక్కలు ముందు పేజీల్లో ఉన్నాయి. ఈసారి మేము ఒక పాత మోపెడ్ గురించి చెప్పడానికి వచ్చాం. నవ్వకండి. ఆ బండి వల్ల మా సంఘంలో ఒక అప్పు తీర్మానం రాసుకున్నాం, ఒక అక్కను ఏడిపించాం, ఆఖరికి బుద్ధి తెచ్చుకున్నాం.

2023 ఆగస్టులో మన కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం వంద కోట్లు దాటి పోయిందని పేపర్లన్నీ రాశాయి. ఆ భూముల్లో లేస్తున్న టవర్ల కింద పని చేసేవాళ్ళకు మాత్రం పొద్దున్నే వేడి టిఫిన్ కావాలి. మా సంఘంలో నలుగురం కలిసి ఆ పని పెట్టుకున్నాం. ముగ్గురు వండుతారు, ఒక అక్క బండి మీద సైట్లకు చేరుస్తుంది. అంతర్గత అప్పు తీసుకుని కొన్న సెకండ్ హ్యాండ్ బండి అది. పెట్రోలులో ఆయిలు కలిపి పోసే పాత టూ స్ట్రోక్ రకం.

వానాకాలం మొదలైన రెండు వారాలకు బండి మొరాయించింది. స్టార్ట్ అవుతుంది, నిలబెట్టినప్పుడు మంచిగనే కొట్టుకుంటుంది. రోడ్డెక్కి మూడు కిలోమీటర్లు పోయాక, ఎత్తు వచ్చేసరికి, ఎక్సలేటర్ ఎంత తిప్పినా గుంజదు. దమ్ము వచ్చిన మనిషిలెక్క ఆయాసపడుతుంది. అక్క దిగి నెట్టుకుంటూ పోయేసరికి సాంబారు చల్లారేది. "ఇంకోసారి లేటయితే వేరే వాళ్ళకు చెప్పుకుంటం" అని సైట్ సూపర్‌వైజర్ అననే అన్నాడు.

మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే, అక్కడ బండి బాగానే నడిచేది. రెండోసారి పోయినప్పుడు ఇంజన్ విప్పాలన్నారు, వేలల్లో ఖర్చు చెప్పారు. వారం మీటింగులో కూర్చున్నాం. "నువ్వే బరువు ఎక్కువ ఎక్కిస్తున్నవ్" అని ఒకరు, "బండి వాడుడు రాదు నీకు" అని ఇంకొకరు ఆ అక్కను అన్నాం. ఇంజన్ పనికి అప్పు ఇచ్చి, దాన్ని ఆమె ఒక్కదాని పేరు మీద రాయాలని తీర్మానం కూడా చేశాం. ఆమె ఏమీ అనలేదు. కొంగుతో మొహం తుడుచుకుని సంతకం పెట్టింది.

ఒక పని మాత్రం ఆమె మాకన్నా తెలివిగా చేసింది. బండి ఎప్పుడు ఆగింది, ఎంత దూరం పోయాక, ఎంత బరువుతో, అన్నీ లెక్కల నోటు పుస్తకం వెనక పేజీల్లో రాసుకుంది. ఆ పుస్తకం మా ఇంకో సభ్యురాలు చూసింది. ఆమెది కాకినాడ దగ్గర ఉప్పాడ. ఇంటాయన ఇక్కడ సైట్ పనికి వస్తే వెంట వచ్చింది. వాళ్ళ నాన్నది సముద్రం మీద వేట. పడవ వెనకాల తగిలించే ఔట్‌బోర్డ్ మోటారు పక్కన పెరిగిన మనిషి. పుస్తకం చూసి ఒకటే మాట అడిగింది: "పెట్రోలు పోయించుకున్న రోజు ఎప్పుడూ ఆగలేదు కదక్కా. ట్యాంకు మూత తీసి చూసేరా?"

ఆమె చెప్పింది వినండి. పడవలో పెట్రోలు డబ్బా మూతకు ఒక గాలి స్క్రూ ఉంటుందట. అది తిప్పకుండా బయల్దేరితే మోటారు కొంత దూరం బాగానే పోతుంది. ఆ తర్వాత డబ్బాలో పెట్రోలు తగ్గినచోటికి గాలి చేరక, మిగిలిన పెట్రోలు బయటికి రాదు. పైపు మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బుగ్గ చప్పిడి పడిపోతుంది. మోటారు ఆయాసపడుతుంది. అలలు విరిగే చోట అట్లా అయితే పడవ అడ్డం తిరుగుతుంది. అందుకే వాళ్ళ నాన్న ఇంజన్‌ను తిట్టే ముందు మూత చూసేవాడట.

మన బండి మూతకూ చిన్న గాలి రంధ్రం ఉంటుంది. వాన నీళ్ళు పోతాయని మేమే, ఎవరో కాదు మేమే, ఆ మూత మీద ప్లాస్టిక్ కవర్ వేసి రబ్బరు బ్యాండు బిగించాం. మర్నాడు బండి ఆయాసపడ్డచోటే ఆపి మూత తిప్పాం. సుయ్యిమని గాలి లోపలికి పోయింది. మూత పెట్టి, కవర్ లేకుండా పోతే బండి ఎత్తు ఎక్కింది. మెకానిక్ దగ్గర ఎందుకు బాగుండేదో కూడా అప్పుడే తెలిసింది. పెట్రోలు ఉందా అని అక్కడ మూత తీసి చూసేవారు. బంకులో కూడా మూత తీస్తారు కదా!

ఇంకో సంగతి. మా బండిలాగా పెట్రోలులో ఆయిలు కలిపి పోసే టూ స్ట్రోక్ ఇంజన్‌కు ఆయిలు వేరేగా అందదు, పెట్రోలుతోనే వస్తుంది. పెట్రోలు తక్కువ అందితే ఆయిలు కూడా తక్కువే. అట్లనే గుంజించుకుంటూ పోతే వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. అప్పుడు నిజంగానే ఇంజన్ పని పడేది.

కవర్ తీశాక కూడా బండి మొదటంత గుంజలేదు. అప్పుడు మా సంఘం మొత్తం కూర్చుని ఒక వరుస పెట్టుకున్నాం. పొదుపు సంఘాలకు పంచసూత్రాలు ఉన్నట్టే బండికీ ఐదు పెట్టుకున్నాం. ఖర్చు లేనివి ముందు, ఖర్చున్నవి తర్వాత.

ఒకటి, అడ్డు. బండిని స్టాండు మీద పెట్టి, ఇంజన్ ఆపి, వెనక చక్రం చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరగకపోతే బ్రేకు పట్టుకుని ఉంది, లేదా చైను బిగుసుకుంది. టైర్లలో గాలి చూడండి. ఇంజన్ చప్పుడు పెరిగినా బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. పడవకైతే నీళ్ళలో తిరిగే పంకాకు వల ముక్కో నాచో చుట్టుకుందా అని చూస్తారట. అదీ ఇదే సూత్రం.

రెండు, పెట్రోలు. మూత రంధ్రం, పైపు, ఫిల్టరు, కార్బురేటర్, ఈ వరుసలో చూడాలి. ఇంజన్ చల్లారాక పైపు విడిచి సీసాలోకి పడితే ధార తెగకుండా రావాలి. ఈ పని టిఫిన్ పొయ్యి దగ్గర చేయొద్దు, ఆరుబయట చేయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తుంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులు దానికి తొందరగా పాడవుతాయి. పైపు మెత్తబడి ఉబ్బినా, పగుళ్ళు వచ్చినా మార్చేయండి.

మూడు, గాలి. మన కోకాపేటలో రాళ్ళు కొట్టే దుమ్ము, సిమెంటు దుమ్ము మీకు చెప్పాల్సిన పని లేదు. ఆ దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌లో నిండితే బండికి ఊపిరి ఆడదు. మా దాంట్లో పిండి జల్లించినంత దుమ్ము రాలింది.

నాలుగు, నిప్పు. ప్లగ్గు విప్పి రంగు చూడండి. ఇటుక రంగులో ఉంటే మంచిది. నల్లగా తడిగా ఉంటే ఆయిలు ఎక్కువ పడుతోంది, లేదా నిప్పు సరిగ్గా రావట్లేదు. తెల్లగా కాలినట్టుంటే పెట్రోలు తక్కువ అందుతోంది, వెంటనే చూపించాలి. మాది నల్లగా ఉంది. ఎందుకంటే ఇంజన్‌కు మంచిదని ఆయిలు చేతికొచ్చినంత పోసేవాళ్ళం. మా బండి పుస్తకంలో ఉన్నది లీటరుకు 20 మిల్లీలీటర్లే. ఇప్పుడు పిల్లల మందు మూతతో కొలిచి పోస్తున్నాం. మీ బండికి ఎంతో మీ పుస్తకం చూసుకోండి.

ఐదు, పొగ పోయే దారి. ఎక్కువ ఆయిలు కాలి సైలెన్సర్ లోపల మసి గడ్డ కడుతుంది. పొయ్యి గొట్టం పూడితే మంట మండనట్టే, పొగ పోకపోతే ఇంజన్ గుంజదు. ఇది మెకానిక్ దగ్గరే చేయించాం. సైలెన్సర్ శుభ్రం చేయించి, కొత్త ప్లగ్గు వేయించాక బండి బరువుతో సహా ఎత్తు ఎక్కింది. అన్నీ కలిపి ఖర్చు వందల్లోనే తేలింది.

ఈ ఐదూ చూశాక కూడా గుంజకపోతే అప్పుడు ఇంజన్ విప్పించండి. బోరు, పిస్టన్ అరిగిపోవడం పాత బండ్లకు ఉన్నదే. మెకానిక్‌ను తప్పు పట్టడానికి మేము ఇది చెప్పడం లేదు. "గుంజుతలేదు" అని ఒక్క మాట చెప్పి చేతులు కట్టుకుని నిలబడితే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఎప్పుడు, ఎంత దూరం పోయాక, ఎత్తులోనా చదునులోనా అని రాసి తీసుకుపోతే ఆయనకూ పని సులువు.

తర్వాతి వారం మీటింగులో అప్పు తీర్మానం రద్దు చేశాం. ఆ అక్క ముందర అందరం తప్పు ఒప్పుకున్నాం. ఉత్త మాటతో సరిపెట్టకుండా మినిట్స్ పుస్తకంలో రాసి, సంతకాలు పెట్టాం. కవర్ కట్టింది మేము, ఆయిలు ఎక్కువ పోసింది మేము, మాట పడ్డది ఆమె. సంఘంలో ఎవరైనా కిస్తీ కట్టలేకపోయినా మేము ఇట్లనే చేస్తామేమో అని ఆ రోజు అనిపించింది. మనిషిని అనే ముందు ఆమెకు ఊపిరి ఎక్కడ ఆడట్లేదో చూడాలి. ఇప్పుడు కిస్తీ ఆగితే మొదట వాళ్ళింటికి పోయి అడుగుతున్నాం, ఆ తర్వాతే మీటింగులో మాట్లాడుతున్నాం.

బండి పాతదే. ఎన్నాళ్ళు నడుస్తుందో చెప్పలేం. కొత్తదాని కోసం నెలనెలా కొంత పక్కన పెడుతున్నాం. అంతవరకు ప్రతి ఆదివారం పొద్దున అరగంట ఈ ఐదు సూత్రాలూ చూసుకుంటాం. బండి ఉన్న ఏ సంఘం అక్కలైనా వచ్చి చూడొచ్చు. ఉప్పాడ చెల్లె అక్కడే ఉంటుంది, అడిగితే చెబుతుంది. ఇడ్లీలు కూడా ఉంటాయి.