వరుస సంఖ్య - దాని ధర్మము



క్రొత్త పుస్తకము వచ్చినంతనే గ్రంథపాలకుడు అక్సెషన్ రిజిస్టరులో దానికొక సంఖ్య వేయును. ఒకే గ్రంథము రెండు ప్రతులు వచ్చినను సంఖ్యలు రెండు. ఏ ప్రతి ఎవరి ఇంటనున్నదో, ఏ దాత ఇచ్చినదో తేల్చునది ఆ సంఖ్యయే.

కంప్యూటరులో జరుగునదియు నిట్టిదే. సమాచారమును పరస్పర సంబంధముగల పట్టికలుగా అమర్చు విధానమును 1970లో ఐ.బి.యం. సంస్థయందలి ఇ. ఎఫ్. కాడ్ ప్రతిపాదించెను. పట్టికలోని ప్రతి వరుసకును ఒక గుర్తు వలయును. దానిని యంత్రమే ఒకటి, రెండు, మూడు అని పెంచుకొనుచు వేయు ఏర్పాటును మైఎస్‌క్యూఎల్‌లో ఆటో ఇంక్రిమెంట్ అందురు.

సభ్యుని పేరే గుర్తుగా నుండరాదా యని కొందరడుగవచ్చును. ఒక ఊరిలో సుబ్బారావులు నలుగురుందురు. పెండ్లియైన ఆడపడుచు ఇంటిపేరు మారును. ఫోను నెంబరును మారును. మారినపుడెల్ల అన్ని పట్టికలను దిద్దవలసివచ్చును. ఏ అర్థమును లేని సంఖ్యకు మారవలసిన అగత్యము లేదు. అదియే దాని బలము.

అయినను మూడు జాగ్రత్తలు కలవు.

మొదటిది: నమోదు నడుమ రద్దైనచో, ఇచ్చిన సంఖ్య సాధారణముగా తిరిగి రాదు. కావున కడపటి సంఖ్య 500 అయినంత మాత్రమున సభ్యులు 500 మంది యని లెక్కింపరాదు. ఆ ఖాళీలను పూడ్చుటయు తగదు. చినిగి తీసివేసిన పుస్తకపు సంఖ్యను వేరొకదానికిచ్చినచో, పాతదాని బాకీ క్రొత్తదానిపై బడును.

రెండవది: గడికి పరిమితి కలదు. ఋణసంఖ్యలకును చోటుంచిన నాలుగు బైట్ల గడిలో 2147483647 దాటి పట్టదు. అమెరికాలోని స్లాష్‌డాట్‌లో 2006లో వ్యాఖ్యలు 16777216 దాటెను. ముఖ్యమైన గడిని ముందే పెంచియుండిరి గాని, ఏ వ్యాఖ్యకు ఏది బదులో తెలుపు గడిని మరచిరి. దానిని సరిచేయువరకు బదుళ్లను జతపరచుట నిలిపివేయవలసివచ్చెను. సంఖ్యను పెంచువారు దానిని పేర్కొను చోట్లనెల్ల పెంచవలెను.

మూడవది: వరుస సంఖ్య రహస్యమును దాచదు. రెండవ ప్రపంచయుద్ధమున జర్మను ట్యాంకులపై నున్న సంఖ్యలనుబట్టి మిత్రరాజ్యముల గణకులు ఉత్పత్తిని అంచనా కట్టిరి. 1940 జూను నెలకు గూఢచారుల లెక్క 1000, గణకుల లెక్క 169. యుద్ధానంతరము జర్మను రికార్డులలో తేలినది 122. అట్లే 57వ సభ్యుని పుట చూచినవాడు 58 వేసి చూడవచ్చును. సంఖ్య చెప్పినంతనే తలుపు తీయరాదు; వచ్చినవానికి అధికారము కలదో లేదో వేరుగ విచారింపవలెను.

ఇరువదియైదేండ్ల రిజిస్టరులను కంప్యూటరునకెక్కించు గ్రంథాలయము, యంత్రము వేయు సంఖ్యను వేరొక గడిలో నుంచి, పాత అక్సెషన్ సంఖ్యను మార్పక నిలుపుకొనవలెను. పుస్తకపు అట్ట వెనుక సిరాతో వ్రాసిన ఆ అంకె చెరిగినచో దానినిచ్చిన దాత పేరును చెరిగిపోవును.